లంకె సారు

లంకె సారు పోయాడని మొన్న పొద్దున మా పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దాని కింద వరసగా దండాల బొమ్మలు, తీరని లోటులు, తెలుగుతల్లి ముద్దుబిడ్డలు. నేను ఉల్లిగడ్డలు తరగడం ఆపి కాసేపు ఆలోచించాను. లోటు ఎక్కడ పడిందో ఎంత వెతికినా కనపడలేదు. పోయినవాళ్ళ గురించి చెడు మాట్లాడకూడదని మా అమ్మ నేర్పింది. ఆయన మాత్రం ఉన్నవాళ్ళ గురించి ఒక్క మంచి మాట మాట్లాడిన పాపాన పోలేదు. అందుకని ఈ ఒక్కసారికి అమ్మ మాట పక్కన పెడుతున్నాను.

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి, దాని ముందు తనే తగిలించుకున్న బిరుదొకటి ఉన్నాయి. రెండూ రాయను. మణుగూరులో మా ఆఫీసు మెట్లెక్కిన ఎవరినడిగినా లంకె సారు అనే చెబుతారు. ఆ పేరు పెట్టింది రహీం భాయ్, కానీ దాన్ని సంపాదించుకున్నది ఆయనే.

మాది చిన్న స్వచ్ఛంద సంస్థ. అడవి పల్లెల్లో ఇంకా బడి ఈడు రాని పిల్లలకు ఆటపాటల చదువు చెప్పే కేంద్రాలు నడిపేది. గనుల కాలనీ వెనకాల ఒక డాబా ఇల్లు కిరాయికి తీసుకుని ఆఫీసు పెట్టారు. నేను అక్కడ కోఆర్డినేటర్‌ని. పల్లెల్లో చెప్పే టీచరమ్మలకు కబురు అందించడం నా పని. కరోనాలో మా శిక్షణలు, మీటింగులు అన్నీ ఫోన్ల మీదికి ఎక్కాయి. కరోనా పోయినా అవి దిగలేదు. వారం వారం మెసేజ్‌లు పంపాలి. నేను ఒక తీరుగా రాస్తే మేనేజరు ఇంకో తీరుగా దిద్దేవాడు, కంప్యూటర్ మీద కొట్టే రహీం భాయ్ మూడో తీరుగా కొట్టేవాడు. ఒకే కాగితంలో వెబ్‌సైట్, వెబ్ సైటు, వెబ్సైట్ పక్కపక్కనే కూర్చునేవి. హైదరాబాదు ఆఫీసు పెద్దలు అది చూసి, భాషకు ఎవరినైనా పెట్టుకోండి అన్నారు. అట్లా వచ్చాడు ఈయన. కూసుమంచి దగ్గరి ఊరు, ఖమ్మంలో ఏదో కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాడు. కూతురూ అల్లుడూ మణుగూరులో ఉంటారు కాబట్టి వాళ్ళ దగ్గరికి వచ్చి ఉంటున్నాడు.

ఒకే మాటను ఎప్పుడూ ఒకేలా రాయాలని మొదటిరోజు ఆయన చెప్పినప్పుడు నాకు బాగానే అనిపించింది. నిజం చెప్పాలంటే సంతోషించాను. చదువు అంతంత మాత్రంగా వచ్చిన టీచరమ్మ, ఒకే సంగతి మూడు రకాలుగా కనపడితే మూడు సంగతులనుకుంటుంది. మాట నిలకడగా ఉంటే ఆమెకే మేలు. ఆయన ఆమె కోసం ఆ మాట అనలేదని తెలియడానికి నాకు వారం పట్టింది.

ఆయన చదివే తీరు చూడాలి. కాగితాన్ని చేతికందినంత దూరం పట్టుకుని, గడ్డం పైకెత్తి, బియ్యంలో రాళ్ళేరినట్టు చదివేవాడు. రాయి దొరికితే మొహం వెలిగేది. ఎంతకీ దొరక్కపోతే చిరాకు పడి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. ఆ కాగితంలో ఏం రాసుందని తర్వాత అడిగితే చెప్పలేడు. ఒకసారి అడిగి చూశాను. పిల్లలకు వేసే టీకాల గురించి రాసుంటే, ఏదో సభ గురించి కదమ్మా అన్నాడు.

ఇంటి నుంచి సొంత స్టీలు గ్లాసు తెచ్చుకునేవాడు. పల్లెల నుంచి వచ్చే టీచరమ్మలు తాగే గ్లాసులో ఆయన టీ తాగడు. అది మాటల్లో ఎప్పుడూ చెప్పలేదు, గ్లాసు కడిగి బీరువాలో పెట్టి తాళం వేసుకునేవాడు, అంతే. వాళ్ళు వచ్చి కూర్చుంటే కుర్చీ కిటికీ వైపుకు జరుపుకునేవాడు. పల్లెలకు రమ్మని జీపు ఎక్కించబోతే మోకాళ్ళ నొప్పి. ఆదివారాలు మాత్రం కాలనీ పార్కు చుట్టూ చేతులూపుకుంటూ తిరుగుతుంటే నేను కళ్ళారా చూశాను. ఉన్నన్నాళ్ళూ ఒక్క కేంద్రం గడప తొక్కలేదు. ఏం మాట్లాడినా "ఈ అడవిలో" అని మొదలుపెట్టేవాడు. ఈ అడవిలో ఎవరికి చెప్పుకోవాలి, ఈ అడవిలో తెలుగు ఎవరికి వచ్చు. నాదీ ఆయన లెక్కలో తెలుగు కాదు. మాది కల్లూరు. అటు కోస్తా కాదు, ఇటు తెలంగాణ కాదు, మీది సంకర భాష అన్నాడు ఒకరోజు, నవ్వుతూనే. నేను నవ్వలేదు.

చెర్ల వైపు నుంచి వచ్చిన ఒక టీచరమ్మ, బిడ్డకు జరమొచ్చింది, రేపటి శిక్షణకు రాలేను సార్ అని చెప్పడానికి ఆయన ముందు నిలబడింది. మేనేజరు లేడు, పెద్దమనిషి కదా అని ఈయనకు చెప్పింది. ఆయన "జ్వరం" అన్నాడు. అవ్ సార్, జరం అంది ఆమె. "జ్వరం. జకారానికి వకారం. అనమ్మా" అన్నాడు. ఆమె జొరం అంది. ఇంకోసారి అనిపించాడు. ఇంకోసారీ జొరమే వచ్చింది. ఆయన కిటికీ వైపు తిరిగి, వీళ్ళు పిల్లలకు చెబుతారట అని గొణిగాడు. బిడ్డకు ఎట్లా ఉంది, దవాఖానాకు తీసుకుపోయావా అని అడగలేదు. ఆమె నా దగ్గరికి వచ్చి, సెలవు ఇచ్చినట్టా ఇయ్యనట్టా మేడం అని మెల్లగా అడిగింది.

ఇక రహీం భాయ్‌తో ఆయన పెట్టుకున్నది ఆన్‌లైన్ తగాదా. రహీం వాళ్ళు మూడు తరాల నుంచి ఈ ఊళ్ళోనే ఉన్నారు. తాత దర్జీ, నాన్న బోర్డులు రాసేవాడు, రహీం ఫ్లెక్సీలు చేస్తాడు. పొద్దున మా ఆఫీసులో కంప్యూటర్ పని, సాయంత్రం తన షాపు. ఆన్‌లైన్ అని రాసేటప్పుడు నకారానికి పొల్లు పెట్టి, లకారాన్ని పక్కన నిలబెట్టాలని ఆయన పట్టు. రహీం కంప్యూటర్ దాన్ని వత్తు చేసి నకారం కింద వేలాడదీసేది. రహీం ఒక పూటంతా కూర్చుని, ఎవరెవరికో ఫోన్లు చేసి, ఏ మీట నొక్కితే పొల్లు నిలుస్తుందో కనుక్కుని, పాత కాగితాలన్నీ తెరిచి ఒక్కొక్కటి సరిచేశాడు. మర్నాడు ఆయన వచ్చి చూసి, బాగుంది గానీ ఆన్‌లైన్ అన్న మాటే వద్దు, అంతర్జాల అని రాయండి అన్నాడు. రహీం బయటికి వెళ్ళి సోడా తాగి వచ్చాడు.

అక్కడి నుంచి వరదే. వెబినార్ జాలగోష్ఠి అయింది. పాస్‌వర్డ్ సంకేతపదం, లైవ్ ప్రత్యక్ష ప్రసారం, స్క్రీన్ షేర్ తెర పంచుకొనుట. ఈ మాటల్లో కొన్ని నాకూ నచ్చాయి, అబద్ధం ఎందుకు. పుస్తకంలో చదువుకుంటే బాగుంటాయి. కానీ మేం పుస్తకం వేయడం లేదు, వాగు అవతలి మనిషికి కబురు చెబుతున్నాం. ఆ మాట అంటే ఆయన చూపుడువేలు ఎత్తేవాడు. "మాట ఒక్కటే, రాత ఒక్కటే." అది ఆయన మంత్రం. ఎవరేమడిగినా అదే జవాబు. ఏ మాట ఎందుకు ఒక్కటిగా ఉండాలో, ఎవరికి అర్థం కావాలో ఆ మంత్రంలో లేదు.

మ్యూట్ అన్నదానికి ఆయన మౌనం అని పెట్టాడు. ఆ నెల శిక్షణకు వెళ్ళిన మెసేజ్‌లో, సభ మొదలు కాగానే అందరూ మౌనం పాటించవలెను అని ఉంది. సభ మొదలైంది. తెర మీద చిన్న చిన్న గళ్ళలో ఇరవై మంది దాకా టీచరమ్మలు. ఒకామె లేచి నిలబడింది. ఆమెను చూసి పక్క గడిలో ఆమె, తర్వాత అందరూ. కొంగు భుజం మీదికి లాక్కుని, తలలు వంచి, చేతులు కట్టుకుని నిలబడిపోయారు. కొందరి మొహాలు కనపడక నడుములు మాత్రమే కనపడుతున్నాయి. హైదరాబాదు నుంచి మాట్లాడే ఆవిడ కంగారుపడి, ఎవరు పోయారు అని అడిగింది. ఎవరూ పలకలేదు, మౌనం కదా. చివరికి ఒక పెద్దామె, మాకూ తెల్వది మేడం, మీరే చెప్పాలె అంది. నేనూ రహీం పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆయన నవ్వలేదు. ఆ మాటకు అర్థం తెలియని వాళ్ళను శిక్షణకు ఎందుకు పిలుస్తారని మేనేజరుతో వాదించాడు. అప్పుడు నవ్వి ఊరుకోవడం తప్పు కాదనిపించింది, ఎవరికీ ఏమీ పోలేదు కదా అని.

లింకు దగ్గరికి వచ్చేసరికి నేను ఊరుకోలేదు. లింకుకు ఆయన లంకె అన్నాడు. లంకె అంటే ఇక్కడ అందరికీ లంకెబిందెలే గుర్తొస్తాయి సార్, లింకు అని రాద్దాం, పసిపిల్లలు కూడా లింకు అంటారు అన్నాను. లింకు ఇంగ్లీషు అన్నాడు. బస్సు కూడా ఇంగ్లీషే అన్నాను. నేర్చుకుంటారమ్మా, అదే నేర్చుకుంటారు అని చెయ్యి ఊపాడు. దాంతో ఆగలేదు. తెలుగు మెసేజ్‌లో ఇంగ్లీషు అక్షరాలు కనపడకూడదని ఇంకో నియమం పెట్టాడు. అంటే అసలు లింకు, నొక్కితే తెరుచుకునే ఆ నీలం అక్షరాలు, మెసేజ్‌లో ఉండకూడదు. అది విడిగా ఇంకో మెసేజ్‌లో వెళ్ళాలి, దాంట్లో మళ్ళీ తెలుగు ఉండకూడదు. పట్టుచీరకు ప్యాంటు గుడ్డ మాసికేసినట్టు ఉంటుందట. మేనేజరు ముందే గట్టిగా చెప్పాను, ఇది మంచిది కాదు, ఎవరికో దెబ్బ తగులుతుందని. మేనేజరు మంచివాడే. ఎదురుగా వయసులో పెద్దవాడు కూర్చుంటే మాట మింగేసే రకం. సరే సారు చెప్పినట్టే కానీ అన్నాడు.

ఆ దెబ్బ సమ్మక్కకు తగిలింది.

సమ్మక్కది రోడ్డు మీంచి చాలా లోపలికి, వాగు దాటి పోవాల్సిన కోయగూడెం. ఇంటర్ చదివింది. మా కేంద్రం ఆ గూడెంలో పెట్టినప్పటి నుంచీ ఆమే చెబుతోంది, చేతిఖర్చులకు కూడా చాలని గౌరవవేతనానికి. పిల్లలతో మొదట కోయలో మాట్లాడి, ఆ పక్కనే తెలుగు మాట పెట్టి, ఆటలో కలిపేసేది. నేను వెళ్ళినప్పుడల్లా ఆ రేకుల షెడ్డులో పిల్లల గొంతులు వాగు దగ్గరికే వినపడేవి. ఆ ఎండాకాలం హైదరాబాదు ఆఫీసు కొన్ని కేంద్రాలకు నెలజీతంతో టీచరు పోస్టులు ఇస్తామంది. ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో. ఎంపికైన మనిషి ఉన్నచోటే కేంద్రం ఉంటుంది, లేకపోతే రోడ్డు మీది ఊరికి మారుతుంది. మధ్యలో వాగు. నాలుగేళ్ళ పిల్లలను ఎవరూ వాగు దాటించి చదువుకు పంపరు. ఆ సంగతి సమ్మక్కకు తెలుసు, నాకు తెలుసు, ఆఫీసులో కూర్చున్న ఆయనకూ తెలుసు.

పిలుపు మెసేజ్ ఆయనే రాశాడు, లంకె అన్న మాటతో బయటికి వెళ్ళిన మొదటిది అదే. ఇప్పటికీ నాకు నోటికి వచ్చు. "బుధవారం ముఖాముఖి. ఉదయం పది గంటలకు లంకె తెరవబడును. అభ్యర్థులు లంకెలో ప్రవేశించి, తమ వంతు వచ్చు వరకు మౌనముగా వేచియుండవలెను."

సమ్మక్క గూడెంలో సిగ్నల్ ఉండదు, ఆమెకు ఫోను లేదు, అందుకని ఫోను శిక్షణల్లో ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. ఆమెకు పంపేవన్నీ రోడ్డు మీద పంక్చర్ షాపు పెట్టుకున్న ఆమె మరిది ఫోనుకు వెళ్ళేవి. అతను చదివాడు. లంక అనబోయి లంకె అని కొట్టారనుకున్నాడు. అనుకోవడంలో వింత లేదు. మా దగ్గర గోదావరి పాయల నడుమ ఒక లంక ఉంది, ఎండాకాలం ఇసుకలో నడిచి పోవచ్చు. లంక భూముల వేలం అక్కడే పెడతారు, ఆఫీసర్లు వస్తారు, టెంటు వేస్తారు. ముఖాముఖి అంటే మొహం చూసి మాట్లాడేది, దానికి మనిషి పోవాలి కదా. వెనకాలే రెండో మెసేజ్ వచ్చింది. పంపింది హైదరాబాదు ఆఫీసు, అతనికి తెలియని నంబరు, అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, నీలం రంగు. అంతకు ముందు వారమే సంతలో పోలీసులు మైకులో చెప్పి పోయారు, నీలం అక్షరాలు ఒత్తితే బ్యాంకులో ఉన్నది ఊడ్చుకుపోతారని. అతను దాన్ని తీసేశాడు. పని మానుకుని అడవిలో నడిచి పోయి వదినకు కబురు చెప్పి వచ్చాడు.

బుధవారం ఆఫీసులో తెర మీద ఒక్కొక్కరి పేరే పిలుస్తున్నారు. సమ్మక్క పేరు వచ్చింది, గడి ఖాళీ. మళ్ళీ పిలిచారు. నేను బయటికి వచ్చి మరిదికి ఫోన్ చేశాను. వదిన పొద్దుగాల్నే లంకకు పోయింది మేడం, ఈపాటికి ఆడ్నే ఉండాలె అన్నాడు సంబరంగా. ఏ లంక అని అడగబోయి నాకే అర్థమైంది. మేనేజరుకు చెప్పి, కాసేపు ఆపించమని బతిమాలి, రహీం భాయ్ బండి మీద గోదావరికి వెళ్ళాం.

ఇసుక కాలుతోంది. లంకలో పుచ్చకాయల కాపలాకు వేసుకున్న తాటాకు పాక నీడలో సమ్మక్క నిలబడి ఉంది. కూర్చుంటే చీర నలుగుతుందని కూర్చోలేదట. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో సర్టిఫికెట్లు. కాపలా ముసలాయన ఇక్కడికి ఎవరూ రారమ్మా అని చెబుతూనే ఉన్నాడట, ఆమె వినలేదు. మమ్మల్ని చూడగానే చెప్పులు చేతబట్టుకుని ఇసుకలో గబగబా ఎదురొచ్చింది.

"మీరొక్కరే వచ్చిన్రా మేడం? తతిమ్మా సార్లు ఎనకాల వస్తున్నరా?" అంది.

నాకు ఏడుపొచ్చింది. రహీం పక్కకు తిరిగాడు. సంగతి చెప్పేసరికి ఆమెకు మొదట అర్థం కాలేదు, అర్థమయ్యాక చెప్పులు కింద పడేసి తొడుక్కుంది. రహీం ఫోనులో అప్పటికప్పుడు కలపాలని చూశాం. హైదరాబాదు వాళ్ళు మూసేసి భోజనాలకు లేచారు.

నేను అంత తేలిగ్గా వదలలేదు. సాయంత్రం మేనేజరు చేత హైదరాబాదుకు ఫోన్ చేయించాను. వాళ్ళు మెత్తపడ్డారు. మెసేజ్‌లో మాట తికమకగా ఉందని మీ భాషా సలహాదారు ఒక్క వాక్యం రాసిస్తే శనివారం ఆ అమ్మాయిని మళ్ళీ చూస్తాం అన్నారు. ఒక్క వాక్యం. దాని మీద సమ్మక్క ఉద్యోగం, ఆ రేకుల షెడ్డు, పిల్లలు, అన్నీ నిలబడి ఉన్నాయి. మర్నాడు పొద్దున సమ్మక్క అదే చీరలో ఆఫీసుకు వచ్చింది.

ఆయన స్టీలు గ్లాసులో టీ పోసుకుంటూ, లంకకు పోయొచ్చిన సీతమ్మ ఈమేనా అని నవ్వాడు. భద్రాచలం పక్కన ఉంటూ ఆ పరాచికం ఆడకుండా ఉండలేకపోయాడు కాబోలు. ఆమె నవ్వలేదు. మేనేజరు సంగతంతా చెప్పి, వాక్యం రాసిమ్మని వినయంగా అడిగాడు. ఆయన మేనేజరును వదిలేసి ఆమె వైపు తిరిగాడు. లంకె అంటే ఏమిటో తెలుసా అన్నాడు.

లంకెబిందెలు తెలుసు సార్, మాకెప్పుడూ దొరకలే అంది ఆమె.

గొలుసులో ఒక కడియాన్ని ఇంకో కడియానికి తగిలించేది లంకె, ఎంత చక్కటి మాట, మన మాటలు మనకే తెలియకపోతే ఎట్లా అంటూ పాఠం ఎత్తుకున్నాడు. ఆమె నిలబడే ఉంది. కుర్చీ చూపించినవాడు లేడు, నేనే జరిపాను. పాఠం మధ్యలో ఆయన ఫోను మోగింది. ఖమ్మం నుంచి కొడుకు. ఎవరో బంధువుల ఇంట్లో పెళ్ళి, ఫోనులో చూపిస్తున్నారట.

"ఏందిరా, లింకు పంపినవా లేదా? ఏ లింకు, గీ నీలం రంగుదా? ఒత్తుతున్న, ఓపెన్ అయితలే. లైవ్ ఎన్ని గంటలకు? జల్దీ ఇంకో లింకు పెట్టు" అన్నాడు.

కూసుమంచి తెలుగు. హాయిగా, ఎక్కడా తడబాటు లేకుండా, నేను ఆ ఆఫీసులో ఆయన నోట విన్న మొదటి మనిషి మాట అది. రహీం కంప్యూటర్ వెనక నుంచి తల ఎత్తాడు. సమ్మక్క ఆయన చేతిలోని ఫోను వైపు, ఆ నీలం అక్షరాల వైపు చూసింది.

"గదేనా సార్ లంకె అంటే? లింకా?" అంది. "గా ముక్క రాస్తే నేను లంకకెందుకు పోతుంటి?"

ఆయన ఫోను మీద అరచెయ్యి పెట్టాడు. సిగ్గుపడతాడనుకున్నాను. ఒక్క క్షణం ఆశపడ్డాను కూడా.

"ఇంట్లో మాట వేరు, రాత వేరు" అన్నాడు.

"నేను ఇంట్ల మాటతోనే పిల్లలకు చెప్త సార్" అంది సమ్మక్క. "గందుకే వాళ్ళు నా కాడికి వస్తరు."

ఆయన ఫోను కట్టేసి, మేనేజరుతో, పదం సరైనదే, సరైన పదాన్ని తప్పని నా చేత్తో రాయలేను అన్నాడు. అసలు కారణం మాకందరికీ తెలుసు. తాను పెట్టిన మాటలన్నీ కలిపి ఒక చిన్న పుస్తకం వేయిస్తున్నాడు. వచ్చే నెల దాని ఆవిష్కరణ, అంతర్జాల సభలోనే. అందులో లంకెకు ఒక పేజీ ఉంది. ఒక ఆడమనిషి బతుకు కన్నా ఆ పేజీ ఆయనకు ముద్దయింది. ఇంత చిన్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

సమ్మక్కను మెట్ల దాకా దిగబెట్టాను. కవరు చంకలో పెట్టుకుని, నా వైపు కూడా కోపంగానే చూసింది. "గింత మంది చదువుకున్నోళ్ళున్నరు మేడం, మాకు తెలిసేటట్టు ఒక్క మాట రాయొస్తలేదా మీకు?" అని వెళ్ళిపోయింది. ఆ కోపం నాకు న్యాయంగానే తోచింది.

నేను లోపలికి వచ్చి హైదరాబాదుకు పంపాల్సిన నివేదిక రాశాను. సమ్మక్క, మెసేజ్‌లో ఉన్న లంకె అన్న మాటను లంక అనుకుని, గోదావరి లంకకు వెళ్ళి ఎండలో మన కోసం ఎదురుచూసింది, అందువల్ల ఇంటర్వ్యూకు రాలేకపోయింది, దయచేసి మళ్ళీ పిలవండి అని రాశాను. ఆయన చూడకుండా ఏ కాగితమూ ఆఫీసు దాటకూడదు కాబట్టి ఆయన బల్ల మీద పెట్టాల్సి వచ్చింది. చేతికందినంత దూరం పట్టుకుని చదివాడు. మెసేజ్ కొట్టేసి సందేశం అని రాశాడు. ఇంటర్వ్యూ కొట్టేసి ముఖాముఖి అని రాశాడు. అప్పటికి ఆయన చెయ్యి పట్టుకుని ఆపేంత కోపం నాకు రాలేదు. తర్వాత వాక్యం మరీ పొడుగైందమ్మా అన్నాడు. నివేదికల్లో కథలు ఉండకూడదు అంటూ లంక కొట్టేశాడు. ఎండ కొట్టేశాడు. ఎదురుచూసింది కొట్టేశాడు. దయచేసి అన్నది అక్కర్లేదన్నాడు. చివరికి మిగిలినదాన్ని రహీం ముందు పెట్టి కొట్టమన్నాడు. సమ్మక్క, ముఖాముఖికి గైర్హాజరు.

నేను గొంతు పెంచాను. మేనేజరు తల వంచుకున్నాడు. రహీం మాత్రం మీటల మీద చేతులు పెట్టకుండా, గైర్ మా ఉర్దూదే, హాజిర్ మా ఉర్దూదే సార్, ఇది ఎప్పుడు తెలుగైంది అని అడిగాడు. అది వాడుకలో కలిసిపోయిందయ్యా అన్నాడు ఆయన, ఎంతో ఓపికగా. లింకు మాత్రం కలవలేదట.

ఆ కాగితమే వెళ్ళింది. నేను విడిగా ఫోన్ చేసి అంతా చెప్పాను. పాపం అన్నారు, కానీ కాగితం మీద గైర్హాజరు అని ఉంది కదమ్మా, మేమేం చేస్తాం అన్నారు. శనివారం ఎవరూ సమ్మక్కను పిలవలేదు. కేంద్రం రోడ్డు మీది ఊరికి మారింది. వానలు పడి వాగు వచ్చింది, ఆ గూడెం పిల్లలు ఒక్కరు కూడా దాటి రాలేదు. సమ్మక్క మిరప చేలకు కూలికి పోతోందని మరిది చెప్పాడు.

ఆ ఆఫీసు మానేసే ముందు ఫైల్లోంచి ఆ కాగితం తీసి, ఆయన పట్టుకున్నట్టే దూరంగా పట్టుకుని, అక్షరం అక్షరం చదివాను. అందులో ఒక్క అచ్చుతప్పు కూడా లేదు.